సైకిల్ హెల్మెట్: బెంగళూరు రోడ్లకు ఏది కొనాలి?

పోయిన వర్షాకాలంలో ఒక ఆదివారం ఉదయం మా బావమరిది పాల ప్యాకెట్ల కోసం సైకిల్ తీశాడు. కగ్గదాసపురలో మా ఇంటి నుంచి దుకాణానికి అర కిలోమీటరు కూడా ఉండదు. వీధి చివర తవ్వి, మట్టితో పైపైన పూడ్చి వదిలేసిన చోట ముందు చక్రం దిగబడింది. నడక కన్నా కాస్త ఎక్కువ వేగంతో వెళ్తున్న మనిషి పక్కకు ఒరిగి పడ్డాడు. చెవి పైన ఏడు కుట్లు పడ్డాయి. రెండు రోజులు వాంతులు, తలతిప్పుతో ఆసుపత్రిలో ఉన్నాడు. బెళ్లందూరులోని ఆఫీసుకు వెళ్లేటప్పుడు రోజూ తప్పకుండా పెట్టుకునే హెల్మెట్ ఆ సమయంలో మా ఇంటి గోడకు వేలాడుతోంది.

"ఇంత దగ్గరికే కదా అనుకున్నాను బావా" అన్నాడు, కుట్లు విప్పిన రోజున. ఆ మాట నన్ను వదలలేదు. అతని దగ్గర ఉన్నది మంచి హెల్మెట్టే, ఖరీదైనదే. కానీ దాని పట్టీ బిగించాలంటే అద్దం కావాలి. లోపలి స్పాంజి చెమట వాసన వేస్తుంది. పెట్టుకుంటే నుదుటి మీద ఎర్రటి గీత పడుతుంది. పది కిలోమీటర్ల ప్రయాణానికి ఈ ఇబ్బందిని భరించేవాడు, అర కిలోమీటరుకు భరించలేదు.

ఆ తరువాత అతనికీ, మా మేనకోడలికీ, నాకూ మూడు హెల్మెట్లు కొనడానికి దుకాణాల చుట్టూ చాలా తిరిగాను. ఎవరైనా ఏది కొనమంటారని అడిగితే నేను ముందు అడిగేది ఒకటే: పాల ప్యాకెట్‌కు వెళ్లేటప్పుడు కూడా దీన్ని పెట్టుకుంటారా? అవునంటే మిగతా సంగతులు చూద్దాం. కాదంటే దాన్ని అక్కడే వదిలేసి పక్కదాన్ని చేతిలోకి తీసుకోండి.

నెమ్మదిగా వెళ్లేవారి లెక్క

"నేను వేగంగా తొక్కను" అనేది అందరూ చెప్పే కారణం. ఇక్కడ చిన్న లెక్క ఉంది. సైకిల్ మీద కూర్చున్న పెద్దవారి తల నేలకు సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తు నుంచి ఏ వస్తువు పడినా నేలను తాకే సమయానికి దాని వేగం గంటకు దాదాపు 19.5 కిలోమీటర్లు. మీరు సిగ్నల్ దగ్గర ఒక కాలు ఆనించి నిలబడి ఉన్నా, బ్యాలెన్సు తప్పి పక్కకు పడితే తల నేలకు తగిలే వేగం ఇంచుమించు అదే. దాన్ని నిర్ణయించేది మీ తల ఉన్న ఎత్తు. నెమ్మదిగా తొక్కినంత మాత్రాన ఆ ఎత్తు తగ్గదు.

ఇప్పుడు ఆ వేగం ఎంత దూరంలో ఆగుతుందో చూడండి. గట్టి కాంక్రీటు మీద పుర్రె రెండు మిల్లీమీటర్లలో ఆగిందనుకుంటే, 150 సెంటీమీటర్లను 0.2తో భాగించాలి. భూమ్యాకర్షణకు సగటున 750 రెట్ల దెబ్బ. మధ్యలో హెల్మెట్ ఉండి, దాని లోపలి పొర రెండు సెంటీమీటర్లు నలిగితే అదే దెబ్బ 75 రెట్లకు దిగుతుంది. నిజమైన ప్రమాదం ఇంత సూటిగా ఉండదు, ఒక్క క్షణంలో వచ్చే గరిష్ఠ దెబ్బ సగటు కన్నా ఎక్కువే ఉంటుంది. అయినా హెల్మెట్ చేసే పని మొత్తం ఈ రెండు సెంటీమీటర్లలోనే ఉంది. ఆ లోపలి పొర మనకు తెలిసిన థర్మోకోల్ జాతిదే, ఇంకా దట్టంగా పోసినది. అది నలగడం ద్వారా దెబ్బను తాను తీసుకుంటుంది. ఒకసారి నలిగితే మళ్లీ ఉబ్బదు.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఒలివియర్, క్రైటన్ అనే పరిశోధకులు 2016లో 40 అధ్యయనాలను కలిపి చూశారు. గాయపడిన సైకిలిస్టులు 64,000 మందికి పైగా ఆ లెక్కలో ఉన్నారు. హెల్మెట్ పెట్టుకున్నవారిలో తీవ్రమైన తల గాయం అవకాశం దాదాపు 70 శాతం తక్కువని తేలింది. ముఖం గాయాలు తగ్గినది మాత్రం మూడో వంతే. గడ్డాన్నీ పళ్లనూ మామూలు హెల్మెట్ కాపాడదు. లారీ కింద పడితే ఏ హెల్మెట్టూ చేయగలిగింది పెద్దగా లేదు. కానీ మన కాలనీల్లో జరిగే పడిపోవడాలు చాలావరకు మా బావమరిదికి జరిగినటువంటివే: గుంత, తడిసిన ఇనుప మూత, అడ్డం వచ్చిన కుక్క, రంగు వెలిసి కనబడని స్పీడ్ బ్రేకర్, చూడకుండా తెరిచిన కారు తలుపు.

ఇంట్లో ఉన్న స్కూటర్ హెల్మెట్ చాలదా?

చట్టం విషయంలో చాలామందికి గందరగోళం ఉంది. మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ మోటారు ద్విచక్ర వాహనాల వారికి హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. సైకిల్ ఆ సెక్షన్ కిందికి రాదు. కాబట్టి బెంగళూరులో సైకిల్ మీద తల మీద ఏమీ లేకుండా వెళ్లినా పోలీసు ఆపరు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1990 జూలై 1 నుంచే సైకిలిస్టులకు దీన్ని తప్పనిసరి చేసింది. మనల్ని అడిగేవారు ఇంట్లోవాళ్లే.

స్కూటర్ హెల్మెట్ సైకిల్‌కు వాడవచ్చా అంటే, ఏమీ లేకపోవడం కన్నా నిస్సందేహంగా మేలు. అయితే అది కిలో పైచిలుకు బరువు ఉంటుంది. సైకిల్ హెల్మెట్ 250 నుంచి 400 గ్రాములు. సైకిల్ మీద శరీరం ముందుకు వంగి, మెడ పైకెత్తి ఉంటుంది, ఆ భంగిమలో కిలో బరువు అరగంటలో మెడను పట్టేస్తుంది. తొక్కేటప్పుడు పుట్టే వేడి పోయే దారి ఉండదు. చెవులు మూసుకుపోతాయి. వెనుక నుంచి వచ్చే బస్సు శబ్దమే సైకిలిస్టుకు మూడో కన్ను, దాన్ని పోగొట్టుకోకూడదు. ఒక వారం ఓర్చుకుని రెండో వారం మానేస్తారు. అందుకే దీన్ని నేను సిఫారసు చేయను.

తిరగేసి చూస్తే, సైకిల్ హెల్మెట్‌తో స్కూటర్ నడపడం అంతకన్నా ప్రమాదం. అది ఆ వేగాలకు పరీక్షించినది కాదు. సిగ్నళ్ల దగ్గర ఫుట్‌పాత్ మీద పరిచి అమ్మే, టోపీలాంటి సగం హెల్మెట్లూ, భవన నిర్మాణ కార్మికుల పసుపు హెల్మెట్లూ ఈ రెండు పనుల్లో దేనికీ పనికిరావు.

విద్యుత్ సైకిళ్ల వారికి ఒక మాట. 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం ఉన్నవాటికి ఇక్కడ లైసెన్సు అక్కరలేదు కాబట్టి వాటిని మామూలు సైకిల్‌లాగే చూస్తున్నారు. కానీ వాటి మీద ఆ వేగం ఎక్కడంటే అక్కడ, ఎప్పుడంటే అప్పుడు వస్తుంది. వెనుక భాగం కిందికి దిగి, కణతల వైపు ఎక్కువ కప్పే హెల్మెట్ తీసుకోండి. వేగపు విద్యుత్ సైకిళ్ల కోసం నెదర్లాండ్స్‌లో ఎన్‌టీఏ 8776 అనే ప్రమాణం ఉంది. ఆ గుర్తు ఉన్నది దొరికితే ఇంకా మంచిది.

లోపలి స్టిక్కర్ చదవండి

స్కూటర్ హెల్మెట్లకు 2021 జూన్ నుంచి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. ఆ ఉత్తర్వు మోటారు వాహనాలు నడిపేవారికి సంబంధించినది, సైకిల్ హెల్మెట్ల జోలికి రాదు. కాబట్టి కొనేవారే లోపలికి తొంగి చూడాలి. ఈఎన్ 1078 అని ఉంటే యూరప్ ప్రమాణం: ఒకటిన్నర మీటర్ల ఎత్తు నుంచి చదునైన ఇనుప దిమ్మ మీదికి వదిలినప్పుడు లోపలి నకిలీ తలకు తగిలే దెబ్బ భూమ్యాకర్షణకు 250 రెట్లు దాటకూడదు. అంచు ఉన్న దిమ్మ మీద మరో పరీక్ష ఉంటుంది. సీపీఎస్‌సీ అని ఉంటే అమెరికా ప్రమాణం: రెండు మీటర్ల నుంచి వదులుతారు, పరిమితి 300 రెట్లు. వీటిలో ఏది ఉన్నా నాకు సమ్మతమే. ఏదీ లేకుండా, పెట్టె మీద "అంతర్జాతీయ నాణ్యత" అని మాత్రం రాసి ఉంటే అది ఎంత అందంగా ఉన్నా తీసుకోకండి.

ఇక్కడే ధర గురించిన దిగులు చాలావరకు తీరుతుంది. వెయ్యి, పదిహేను వందల రూపాయల హెల్మెట్‌కూ పదిహేను వేల హెల్మెట్‌కూ ఉన్నది ఒకే గుర్తు అయితే, రెండూ ఒకే పరీక్ష గట్టెక్కినట్టే. పై డబ్బు ఎక్కువగా బరువు తగ్గడానికీ, గాలి రంధ్రాలకూ, సొగసుకూ పోతుంది. అమెరికాలోని వర్జీనియా టెక్ 2018 నుంచి సైకిల్ హెల్మెట్లకు నక్షత్రాలతో రేటింగులు ఇస్తోంది. అందులోనూ ధర పెరిగినంత మాత్రాన నక్షత్రాలు పెరగడం కనిపించదు.

ఒక తేడాకు మాత్రం కాస్త డబ్బు పెట్టవచ్చు. చౌక రకాల్లో పై పెంకును లోపలి పొర మీద టేపుతో అంటిస్తారు, కొన్నాళ్లకు అంచు లేస్తుంది. పెంకూ పొరా కలిపి పోసిన రకం తేలికగా ఉంటుంది, ఎక్కువ కాలం కలిసికట్టుగా నిలుస్తుంది. అంచు దగ్గర గోరుతో తడిమితే తెలిసిపోతుంది.

మిప్స్ ఉన్నదా, లేనిదా?

లోపల పసుపు రంగు పల్చటి పొర, చిన్న పసుపు చుక్క గుర్తు: అదే మిప్స్. స్వీడన్‌లో హాన్స్ ఫోన్ హోల్స్ట్ అనే న్యూరోసర్జన్, పీటర్ హల్దీన్ అనే ఇంజినీరు కలిసి చేసిన పరిశోధన నుంచి వచ్చింది. మనం సైకిల్ మీద నుంచి పడినప్పుడు తల నిటారుగా నేలకు తగలడం అరుదు. ఏటవాలుగా తగిలి, ఒరుసుకుని తిరుగుతుంది. మెదడుకు ఆ తిరుగుడు చాలా చేటు. మిప్స్ పొర తగిలిన క్షణంలో హెల్మెట్‌ను తల మీద 10 నుంచి 15 మిల్లీమీటర్లు జారనిస్తుంది, తిరిగే బలంలో కొంత ఆ జారుడులో ఖర్చవుతుంది.

కొనాలా? నేను తిరిగిన దుకాణాల్లో మిప్స్ ఉన్నవి నాలుగైదు వేలకు పైనే ఉన్నాయి. వారాంతాల్లో నంది కొండల దాకా వెళ్లి, ఆ మలుపుల్లో దిగివచ్చేవారైతే కొనమంటాను. అక్కడ దిగుడులో గంటకు నలభై కిలోమీటర్లు దాటడం ఎవరికీ గొప్ప కాదు, ఏటవాలుగా పడే ప్రమాదమే ఎక్కువ. కాలనీలోనే తిరిగేవారికి ఆ డబ్బు అడ్డమై హెల్మెట్ కొనడమే వాయిదా పడుతుంటే, మిప్స్ మాట మరిచిపోయి ఈఎన్ 1078 ఉన్న మామూలుది ఈ రోజే కొనండి.

మూడు ఆకారాలు

గుండ్రంగా, నున్నగా, కొన్నే రంధ్రాలతో ఉండే పట్టణ రకం దృఢంగా ఉంటుంది, సంచిలో కుక్కినా పాడవదు. అరగంట లోపు ప్రయాణాలకు చక్కగా సరిపోతుంది. దాన్ని విజయవాడలోనో నెల్లూరులోనో మే నెలలో పెట్టుకోవడం శిక్షే. బెంగళూరు 900 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న ఊరు, ఇక్కడి ఉదయాల్లో ఆ బాధ ఉండదు. పొడవాటి రంధ్రాలున్న రోడ్డు రకం దూరాలకు బాగుంటుంది, తేలిక, గాలి ఆడుతుంది, చినుకులు మాత్రం నేరుగా మాడు మీద పడతాయి. మూడోది కొండదారుల రకం: ముందు చిన్న చూరు, వెనుక మెడ దాకా దిగిన కప్పు. తురహళ్లి అడవి వైపు మట్టిదారుల్లో తొక్కేవారి కోసమే ఇది తయారైందనుకుంటారు. ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్డు మీద వెళ్లే ఆఫీసు జనానికి కూడా నా ఓటు దీనికే. ఆ చూరు సాయంత్రపు ఎదురెండనూ, వానజల్లునూ కళ్లలో పడకుండా ఆపుతుంది. 2020లో ఆ రోడ్డు పక్కన స్తంభాలు పాతి సైకిళ్లకు వరుస గీసినప్పుడు మేమంతా సంతోషించాం. అందులోకి బైకులు జొరబడటమూ చూశాం, అది నిలవకపోవడమూ చూశాం. సైకిలిస్టుకు వేరే దారి లేని ఊళ్లో వెనుక భాగం ఎక్కువ కప్పడం అవసరం.

రంగు విషయంలో తటపటాయించకండి. తెలుపు, పసుపు, నారింజ. నల్లది సాయంత్రం ఏడు గంటల వానలో కారు డ్రైవరుకు కనబడదు. వెనుక చిన్న ఎర్ర లైటు తగిలించే చోటు ఉంటే మరీ మంచిది.

తలకు కూర్చోవడం

ఇంతవరకు చెప్పినవన్నీ కలిపినా దీనంత ముఖ్యం కాదు. వదులుగా ఉన్న ఖరీదైన హెల్మెట్ పడేటప్పుడు వెనక్కి జారి, నుదుటిని బయట పెట్టేస్తుంది.

కుట్టుపని టేపుతో కనుబొమలకు రెండు వేళ్ల పైన తల చుట్టుకొలత తీయండి. ఒక్కో కంపెనీ మీడియం ఒక్కో రకం, కాబట్టి అక్షరం వదిలేసి సెంటీమీటర్ల అంకె చూడండి. మీ కొలత రెండు సైజుల హద్దులో పడితే రెండూ పెట్టి చూడాలి. పట్టీ బిగించకముందే, వెనుక డయల్ తిప్పి, తల వంచి ఊపండి. హెల్మెట్ పడిపోకూడదు. చేత్తో ముందుకూ వెనక్కూ కదిపితే నుదుటి చర్మం దానితో పాటు కదలాలి. ముందు అంచు కనుబొమలకు రెండు వేళ్ల పైన, నేలకు సమాంతరంగా ఉండాలి. మనవాళ్లు ఎక్కువమంది దాన్ని గుడికి వెళ్లేటప్పుడు కొంగు వేసుకున్నట్టు వెనక్కి నెట్టి పెట్టుకుంటారు, అలా పెడితే ముందు వైపు పడినప్పుడు దానివల్ల ఉపయోగం లేదు. పక్క పట్టీలు రెండూ చెవి కిందే కలవాలి. గడ్డం కింద ఒకటి రెండు వేళ్లు మాత్రమే దూరాలి. నోరు బాగా తెరిస్తే హెల్మెట్ కాస్త కిందికి లాగినట్టు అనిపించాలి.

దుకాణంలో పది నిమిషాలు తీయకుండా తిరగండి. నుదుటి మధ్యలో ఒక్కచోటే నొక్కుతుంటే మీ తల ఆకారం వేరు, దాని ఆకారం వేరు. కొన్ని కంపెనీల అచ్చు కోలగా, కొన్నిటిది గుండ్రంగా ఉంటుంది. వాడితే సర్దుకుంటుందని దుకాణదారు చెబుతారు. సర్దుకోదు. మా బావమరిది నుదుటి మీద గీత రెండేళ్లయినా సర్దుకోలేదు, అందుకే అది గోడకు వేలాడింది. అమర్చి చూసుకోవడానికి వీలుండే పెద్ద దుకాణంలో కొనమని నేను చెప్పేది ఇందుకే. ఆన్‌లైన్‌లో కొంటే వెనక్కి పంపే వీలు ఉన్నదాన్నే ఎంచుకోండి.

జుట్టు విషయం అడిగిన ప్రతి ఒక్కరికీ చెబుతుంటాను. జడ వేసుకునేవారు దుకాణానికి రోజూ వేసుకునే జడతోనే వెళ్లండి. కొప్పు అయితే మెడ దగ్గరికి దించి వేసుకోవాలి, మాడు మీది కొప్పు హెల్మెట్‌ను పైకెత్తేస్తుంది. గట్టి క్లిప్పులు, హెయిర్‌బ్యాండ్లు తీసేయండి. పడినప్పుడు అవే గుచ్చుకుంటాయి. తిరుమల వెళ్లి గుండు చేయించుకుని వచ్చినవారు మర్నాడు హెల్మెట్ పెట్టుకునే ముందు డయల్ మళ్లీ బిగించాలి, జుట్టు లేని తల మీద అది తప్పకుండా వదులవుతుంది. తలకు నూనె రాసుకునే అలవాటు ఉంటే ప్యాడ్లు ఊడదీసి ఉతికే వీలున్న రకం చూసుకోండి. రెండో జత ప్యాడ్లు దొరుకుతాయేమో అడగండి. వాసన వేసే హెల్మెట్‌ను ఎవరూ పెట్టుకోరు.

పిల్లలకు

ఎదుగుతారు కదా అని ఒక సైజు పెద్దది కొనడం బట్టల విషయంలో మన అలవాటు. హెల్మెట్‌కు అది పనికిరాదు. ఈ రోజు తలకు సరిపోయేదే కొనాలి, డయల్ ఇచ్చే కొద్దిపాటి వెసులుబాటు చాలు. బకిల్ పెట్టేటప్పుడు గడ్డం కింద చర్మం నొక్కుకుంటే పిల్లలు మరి ఆ హెల్మెట్ దగ్గరికి రారు, కాబట్టి అక్కడ మెత్తటి గుడ్డ తొడుగు ఉన్నది చూడండి. రంగు వాళ్లనే ఎంచుకోనివ్వండి. మా మేనకోడలు ఊదారంగు తీసుకుంది. పసుపు అయితే బాగుండేదని నాకు అనిపించినా నోరెత్తలేదు. పార్కులో సైకిల్ దిగి జారుడుబల్ల ఎక్కే ముందు హెల్మెట్ తీయించాలి. పట్టీ ఎక్కడైనా చిక్కుకుంటే మెడకు ఉరి అయ్యే ప్రమాదం ఉంది. యూరప్‌లో ఈ కారణంగానే చిన్నపిల్లల హెల్మెట్లకు, గట్టిగా లాగితే పట్టీ దానంతట అదే ఊడేలా, ఈఎన్ 1080 అని వేరే ప్రమాణం పెట్టారు.

పిల్లల విషయంలో ఇంకొకటి. కబ్బన్ పార్కులో ఆదివారం తల్లిదండ్రులు ఖాళీ తలలతో, పిల్లలు హెల్మెట్లతో తొక్కుతూ కనిపిస్తారు. ఆ పిల్లలు పదేళ్లు దాటగానే ఏం చేస్తారో ఊహించడం కష్టం కాదు.

పాతది, పడినది

వాడిన సైకిల్ కొనండి, వాడిన హెల్మెట్ కొనకండి. అది ఎన్నిసార్లు నేలకు తగిలిందో పైకి తెలియదు. మీదే అయినా, తలతో సహా ఒకసారి గట్టిగా తగిలితే పగులు కనబడకపోయినా మార్చేయాలి. పడకపోయినా 5 నుంచి 10 ఏళ్లలో మార్చమంటారు. కడగడానికి సబ్బునీళ్లు చాలు. పెట్రోలు, థిన్నర్ తగిలితే లోపలి పొర కరుగుతుంది. ఎండలో ఆపిన కారు వెనుక అద్దం దగ్గర పెట్టకండి.

చివరికి మేము కొన్నవి చెబుతాను. నాకు నంది కొండల కోసం మిప్స్ ఉన్న తెల్లటి రోడ్డు రకం. మేనకోడలికి ఈఎన్ 1078 ఉన్న ఊదారంగుది, పన్నెండు వందలు. బావమరిదికి కొండదారుల రకం, పసుపుది. పాతదాని ధరలో సగం కూడా లేదు. ఒంటిచేత్తో పడే అయస్కాంతపు బకిల్ ఉందని అతనే ఎంచుకున్నాడు. దాన్ని ఇప్పుడు గోడకు తగిలించడం లేదు. సైకిల్ తాళం చెవిని హెల్మెట్ పట్టీకే కట్టేశాడు. పాల ప్యాకెట్‌కు వెళ్లాలన్నా ముందు హెల్మెట్ చేతిలోకి రావాలి.